మూడు చోట్ల దిద్దాను

చెత్తడబ్బా ఖాళీగా ఉందని కళ్లారా చూశాక కూడా రోండాకి నమ్మబుద్ధి కాలేదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు తడిమింది. ఒక తడిసిన కాఫీ కాగితం తప్ప ఏమీ తగల్లేదు. వీధి చివర చెత్తలారీ మూలుగుతూ కొండ దిగిపోతోంది.

రాత్రి గౌను మీద కోటు, కాళ్లకి మొగుడి బూట్లు వేసుకుని ఆమె మంచులో అలా నిలబడి ఉంటే, ఎదురింటావిడ కిటికీ తెర కొంచెం పక్కకి తీసి చూసి మళ్లీ వేసేసింది. చూడనీ అనుకుంది రోండా. పరువు గురించి ఆలోచించే తీరిక ఇవాళ లేదు. ఎనిమిది కావస్తోంది. పదకొండుకి పరీక్ష.

వంటింట్లో ఎమిల్ ఈల వేస్తూ గుడ్లు వేయిస్తున్నాడు.

"ఏం, లారీ వెళ్లిపోయిందా?"

"నా కార్డు పారేశావా ఎమిల్?"

"పారేయడం ఏమిటి? పాతది తీసేసి కొత్తది రాశాను. బల్ల మీద చూడు."

చూసింది. ఐదంగుళాల తెల్ల కార్డు. అక్షరాలన్నీ ఒకే ఎత్తు, ఒకే వంపు, సూత్రానికో చిన్న గడి, గడికీ గడికీ మధ్య స్కేలు పెట్టి కొట్టిన గీత. అచ్చు గుద్దినట్టుంది. ముప్పై ఒక్క ఏళ్లు రేకుల షాపులో గాలి గొట్టాలకి కొలతలు రాసిన ఎమిల్ చెయ్యి అది. ఆ చేతిరాత చూసే పాతికేళ్ల కిందట ముచ్చటపడింది రోండా. ఇప్పుడు దాన్ని వేలితో దూరంగా నెట్టింది.

"పొద్దున్న ఐదింటికి లేచి రాశా. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద నీ కార్డు చూశాను. ఏముంది అందులో? కోడి గెలికినట్టుంది. నీ రాత నీకే అర్థం కావట్లేదని మొన్న నువ్వే కదా అన్నావు?"

"నాలో నేను అనుకున్నాను. నీతో అనలేదు."

"నాకు వినబడింది."

"అదే నీతో వచ్చిన చిక్కు. చెప్పింది వినబడదు, చెప్పనిది వినబడుతుంది." రోండా కుర్చీ వెనక్కి లాగింది గానీ కూర్చోలేదు. "పరీక్షలోకి సొంత చేత్తో రాసుకున్న సూత్రాల కార్డు ఒక్కటే తేనిస్తారు. ఒక్కటే, సొంత చేత్తో. ఈ మాట ఇదే వంటింట్లో నీకు నలభైసార్లు చెప్పాను. మిసెస్ ట్రౌట్‌మన్ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరి కార్డూ పట్టి చూసి సంతకం పెడుతుంది."

"అది ఒకరి కార్డు ఒకరు కాపీ తీసుకునే కుర్రకారు కోసం. నీలాంటివాళ్లకి కాదు."

"నాలాంటివాళ్లంటే?"

ఎమిల్ గుడ్లు తిరగేశాడు.

"నాలాంటివాళ్లంటే ఎవరు ఎమిల్? యాభై దాటినవాళ్లా? ఒకే పరీక్ష మూడోసారి రాసేవాళ్లా?"

అతను పొయ్యి మంట తగ్గించాడు. పెనంలో వెన్న మాత్రం చిటపటమంటోంది.

"నా చెవుల డాక్టరు కార్డేదిరా?" అంది ఐరీన్, లోపలి గదిలోంచి చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చి. ఎమిల్ తల్లి. ఎనభై నాలుగేళ్లు. "ఫ్రిజ్ మీదే పెట్టాను. అయస్కాంతం కింద."

"అమ్మా, ఒక్క నిమిషం ఆగు."

"తారీఖు దానిమీదే ఉంది. సోమవారమో మంగళవారమో."

"వెతుకుదాం అత్తయ్యా. ముందు నా కార్డు సంగతి తేలనివ్వండి," అంది రోండా.

"ఏమిటీ?"

"ఏం లేదు!" అని మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ ఉదయం వాళ్లిద్దరికీ కలిసిన మాట అదొక్కటే.

ఐరీన్ చిన్నబుచ్చుకుని కుర్చీలో కూర్చుంది.

పదకొండు రోజులు పట్టింది రోండాకి ఆ కార్డు రాయడానికి. ఒక్కో వంకర గీతకీ ఒక్కో పూట గడిచింది. మర్చిపోయే చోట ఎర్ర పెన్సిల్‌తో బాణం వేసుకుంది, కంగారుపడే చోట గుండ్రంగా చుట్టుకుంది. బయటివాళ్లకి అది పిచ్చిగీతలే. ఆమె మాత్రం దాన్ని చూడగానే ఏ రోజు ఏ లెక్క దగ్గర ఏడ్చిందో కూడా చెప్పగలదు.

ఇంటర్మీడియట్ ఆల్జీబ్రా. మొదటిసారి చేరినప్పుడు అత్తగారి తుంటి విరిగి సగంలో మానేసింది. రెండోసారి రెండు మార్కుల్లో పోయింది. ఇది మూడోది. నాలుగోసారి ఆ కమ్యూనిటీ కాలేజీలో పేరు రాసుకోనివ్వరు. నర్సింగు తరగతిలో ఆమె సీటు ఈ ఒక్క లెక్కల పరీక్ష మీద వేలాడుతోంది. ఇందులో 'సి' గ్రేడు వస్తే జనవరిలో తెల్లకోటు, రాకపోతే బతుకంతా వృద్ధుల ఆశ్రమంలో దుప్పట్లు మార్చడమే.

దుప్పట్లు మార్చడం ఆమెకి నామోషీ కాదు. ఇరవై రెండేళ్లుగా అదే చేస్తోంది. కానీ పోయిన చలికాలం తొమ్మిదో గదిలో మిస్టర్ హోల్‌కోమ్ ఊపిరి తీరు మారిందని ఆమె కనిపెట్టింది. నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తున్నాడో గడియారం చూసి లెక్కపెట్టి, పరుగెత్తి నర్సుకి చెప్పింది. పాతికేళ్లైనా నిండని ఆ పిల్ల కంప్యూటరు మీంచి తలెత్తకుండా, "మీరు స్నానాల సంగతి చూసుకోండి, మేం చూసుకుంటాం" అంది. చూసుకోలేదు. సాయంత్రానికి గది ఖాళీ అయింది. ఆ దుప్పటి మార్చింది రోండాయే. ఆ మర్నాడే మూడోసారి కాలేజీలో పేరు రాయించుకుంది.

"సరే, ఇప్పుడేం కొంప మునిగింది?" అన్నాడు ఎమిల్, పళ్లెం ఆమె ముందు పెడుతూ. "నా కార్డు చూసి నీ చేత్తో దింపుకో. ఇరవై నిమిషాల పని. నేను చదువుతుంటా, నువ్వు రాసుకో."

అది తెలివైన మాటే. తెలివైన మాట అతని నోట రావడం రోండాకి ఇంకా మంట పుట్టించింది. సొరుగులోంచి కొత్త కార్డు తీసి, పెన్సిల్ చెక్కి కూర్చుంది.

"చదవక్కర్లేదు. నాకు కళ్లున్నాయి."

"పైగా నీది ఉన్నదున్నట్టు దింపలేదులే. మూడు చోట్ల తప్పులున్నాయి. దిద్దాను."

పెన్సిల్ ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"మూడు చోట్ల దిద్దాను అన్నాను. థాంక్యూ అని ఒక్క ముక్క అనొచ్చు."

"నువ్వు ఆల్జీబ్రా ఎప్పుడు చదివావు?"

"చదవలేదు. వాడాను. నేను కోసిన రేకు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, పనికిరాక వెనక్కి రాలేదు. అడుగు ఎవర్నైనా."

రోండా ఆ అందమైన కార్డు మీద వేలు పెట్టి గడి గడీ వెతికింది. మూడో వరుసలో వేలు ఆగింది. తను ఎర్ర బాణం వేసుకున్న చోటు అది. మైనస్ రెండు x, ఆరు కంటే చిన్నది అయితే, x అనేది మైనస్ మూడు కంటే పెద్దది అని తను రాసుకుంది. ఎమిల్ కార్డులో చిన్నది అని ఉంది.

"ఇది తిరగాలి," అంది. "గుర్తు తిరగాలి. మైనస్‌తో భాగిస్తే చిన్నది పెద్దదవుతుంది."

"ఎందుకు తిరగాలి?"

"తిరుగుతుంది. అంతే."

"అంతే అంటే?" ఎమిల్ ఎదురుగా కూర్చున్నాడు. అతని ముఖంలో విజయం లేదు, నిజంగా ఓపిగ్గా నేర్పుదామన్న ఆశ ఉంది, అదే రోండాకి భరించలేనిది. "ఇదిగో, రెండు రేకులున్నాయి. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. రెండిటినీ సగానికి కోశావు. పొట్టిదాని సగం పొట్టిదే కదా? కోసినంత మాత్రాన పొట్టిది పొడుగెలా అవుతుంది?"

"కానీ అది మైనస్ రెండు."

"మైనస్ రేకు ఎక్కడైనా చూశావా రోండా?"

రోండా ఆ గడిని మళ్లీ చూసింది. కారణం తెలుసు. పోయిన వారం తెలుసు. మిసెస్ ట్రౌట్‌మన్ బోర్డు మీద ఏదో వేసి చూపించింది కూడా. ఇప్పుడు, గుడ్ల వాసన మధ్య, ఈ మనిషి నిబ్బరం ముందు, అది ఎంత వెతికినా దొరకలేదు. రెండుసార్లు తప్పిన మనిషికి తన మాట మీద తనకే అనుమానం. ఎదురుగా ఉన్నవాడికి ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్క రేకూ వెనక్కి రాలేదు.

"చెవుల డాక్టరు పేరైనా గుర్తుంటే బాగుండేది," అంది ఐరీన్ ఎవరితోనూ కాకుండా.

గోడ మీద గడియారం తొమ్మిది కొట్టింది. రోండా తల వంచుకుని రాయడం మొదలుపెట్టింది. చిన్నది, అని ఎలా ఉంటే అలాగే దింపింది. మిగతా రెండూ ఎక్కడ దిద్దావని అడిగే ఓపిక లేకపోయింది. అడిగితే ఇంకో రెండు రేకులు కోస్తాడు.

పదింటికి ఎమిల్ కారు తీశాడు. బస్సులో వెళ్తానని ఆమె అంటే, అద్దాల మీద మంచు గీకేశాను ఎక్కు అన్నాడతను. నది మీద వంతెన దాటారు, మూతపడ్డ ఉక్కు కర్మాగారం దాటారు.

"సాయం చేద్దామనే కదా నేను..." అన్నాడు చివరికి.

"నీ సాయం వద్దని ఎన్ని రకాలుగా చెప్పాలి ఎమిల్? మొన్న నా కాలిక్యులేటర్‌కి బ్యాటరీలు మార్చావు, అందులో నేను దాచుకున్నవన్నీ పోయాయి. నా పుస్తకానికి అట్ట వేశావు, లోపల పెట్టుకున్న చీటీలన్నీ తీసి కట్ట కట్టావు."

"చీటీలు ఊడిపోతున్నాయి."

"ఊడిపోనీ! అవి నావి."

"సరే."

"సరే కాదు. షాపు మూసేశాక నీకు చేతినిండా పని లేదు, నాకు తెలుసు. జాలి లేక కాదు. కానీ నేను నీ పనిని కాదు."

ఎమిల్ రోడ్డు మీదే చూపు నిలిపి నడిపాడు. కాలేజీ ముందు కారు ఆపాక కూడా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచి ముందుకే చూస్తున్నాడు. అనవలసింది కాదేమో అనుకుంది రోండా. అనవలసిందే అని కూడా అనుకుంది. తలుపు తీసింది.

"ఇంటికి వెళ్లిపో. బస్సులో వస్తాను."

"అలాగే," అన్నాడు. వెళ్లిపోయేవాడి గొంతు కాదది.

గుమ్మంలో మిసెస్ ట్రౌట్‌మన్ రోండా కార్డు అందుకుని, కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, రెండు పక్కలా చూసింది. బక్కపలచటి మనిషి. మూడు ఊళ్లలో మూడు కాలేజీల్లో పాఠాలు చెబుతుంది, సొంత గదంటూ ఎక్కడా లేదు. విద్యార్థులకి సందేహాలుంటే కార్లు ఆపే మైదానంలో తన కారు వెనక సీట్లో కూర్చోబెట్టుకుని తీరుస్తుంది. తప్పులు క్షమిస్తుంది, మోసం క్షమించదు.

"ఇది మీ రాతే మిసెస్ పావ్లిక్. ఇందులో ఎవరికీ అనుమానం రాదు," అని సంతకం పెట్టింది. తర్వాత అందరూ వినేలా అంది: "పెన్సిలూ, కాలిక్యులేటరూ, నేను సంతకం పెట్టిన కార్డూ. అంతే. ఇవి కాకుండా ఇంకో కాగితం మీకు కనబడే దూరంలో నాకు కనబడిందా, అడగను, వినను, సున్నా వేసి పంపేస్తాను."

మాట వరసకి అన్నది కాదది. పోయిన నెల అరచేతిలో రాసుకొచ్చిన ఒకడిని సగం పరీక్షలో లేపి పంపేసింది. వాడు ఏడుస్తూ వెళ్లడం అందరూ చూశారు.

రోండా రెండో వరుసలో కూర్చుంది. ఎదురుగా బోర్డు, పక్కన తలుపు, తలుపులో పొడుగాటి గాజు పలక.

మొదటి మూడు ప్రశ్నలూ సాఫీగా జరిగిపోయాయి. చెయ్యి వెచ్చబడింది. ఇరవై రెండేళ్లు మంచాలు ఎత్తిన భుజాలు కొంచెం కిందికి దిగాయి.

నాలుగో ప్రశ్న: −3x < 12.

మూడుతో భాగిస్తే నాలుగు, మైనస్ గనక మైనస్ నాలుగు అని వేసింది. x చిన్నదా పెద్దదా? కార్డు చూసింది. తన చేతిరాతలో, తన పెన్సిల్‌తో, చిన్నది అని ఉంది. ఆ గుర్తు రాయబోయింది.

రాయలేకపోయింది. వేలి చివర ఏదో అడ్డుపడింది. ఎర్ర బాణం లేదు ఇక్కడ. ఈ చోట బాణం ఎందుకు వేసుకుందో అప్పుడు గుర్తొచ్చింది. కార్ల మైదానంలో, చిన్న కారు వెనక సీట్లో, హీటరు బుసబుసల మధ్య మిసెస్ ట్రౌట్‌మన్ గొంతు: "నన్ను నమ్మకండి, పుస్తకాన్ని నమ్మకండి. సందేహం వస్తే సున్నా వేసి చూడండి."

వంటింట్లో పొద్దున్న ఎంత తడిమినా దొరకనిది ఇదే.

వేసి చూసింది. x సున్నా అయితే, మైనస్ మూడు సార్లు సున్నా, సున్నాయే. సున్నా పన్నెండు కంటే చిన్నది. నిజం. అంటే సున్నా జవాబులో ఉండి తీరాలి. కార్డేమో మైనస్ నాలుగు కంటే చిన్నవే జవాబులంటోంది. సున్నా మైనస్ నాలుగు కంటే చిన్నదా? సున్నా డిగ్రీల పొద్దుటికీ మైనస్ నాలుగు డిగ్రీల పొద్దుటికీ ఏది నయమో ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి ఒకరు నేర్పక్కర్లేదు. సున్నా పెద్దది. గుర్తు తిరగాలి.

తనే ఒప్పు. పొద్దున్నా ఒప్పే, పోయిన వారమూ ఒప్పే.

ఒక్క క్షణం గుండె నిండా సంతోషం పొంగింది. మరుక్షణమే ఎమిల్ మాట గుర్తొచ్చింది.

మూడు చోట్ల దిద్దాను అన్నాడు.

ఒకటి దొరికింది. మిగతా రెండూ ఎక్కడ? రోండా కార్డు తిప్పింది, మళ్లీ తిప్పింది. నలభైకి పైగా సూత్రాలు. అన్నీ తన చేతిరాతే. అన్నీ ఒకేలా నిజంగా కనబడుతున్నాయి. ఇందులో రెండు అబద్ధాలు. ఆ రెండూ ఏవో తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కడే. వాడిని ఇంటికి పొమ్మని తనే చెప్పింది.

నాలుగో ప్రశ్నకి గుర్తు వేద్దామని పెన్సిల్ ఎత్తి, యథాలాపంగా తలుపు వైపు చూసింది.

ఎమిల్ పోలేదు.

గాజు పలక అవతల, టోపీ చెవుల మీదకి లాక్కుని, ముఖమంతా నవ్వుతో నిలబడి ఉన్నాడు. ఎడమ చేత్తో చొక్కా జేబు మీద కొట్టుకుంటున్నాడు, ఇక్కడే ఉంది, ఇక్కడే ఉంది అన్నట్టు. కుడి చేత్తో ఒక కార్డు గాజుకి ఆనించి పట్టుకున్నాడు. మూలలు నలిగిన కార్డు. దానిమీద ఎర్ర బాణం.

తన కార్డనుకుని ఎమిల్ పారేసింది, చెత్తలారీలో వెళ్లింది, అత్తగారి చెవుల డాక్టరు కార్డని రోండాకి అప్పుడు అర్థమైంది.

మిసెస్ ట్రౌట్‌మన్ బోర్డు వైపు తిరిగి మిగిలిన సమయం రాస్తోంది. వీపు తలుపుకి ఉంది. అంత దూరం నుంచి ఆ కార్డు ఎవరికైనా పిచ్చిగీతలే. రాసుకున్న మనిషికి కాదు. దానిమీద మూడో వరుస కనబడుతోంది, ఐదో వరుస కనబడుతోంది. ఇంకొంచెం కళ్లు చిట్లిస్తే మిగతా రెండు చోట్లూ కనబడతాయి. కనబడే దూరంలో, అంది మిసెస్ ట్రౌట్‌మన్. చూస్తే అన్న మాటే లేదు.

రోండా కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేసింది. తలుపూ మొగుడూ కార్డూ కలిసి ఒక మసక మచ్చ అయ్యాయి. ఇప్పుడు పో ఎమిల్, అని మనసులోనే మొక్కుకుంది. నీకు పుణ్యం ఉంటుంది, పో.

కళ్లజోడు తీయడం ఎమిల్ చూశాడు. పాపం, దీనికి ఇంత దూరం ఆనదు కాబోలు అనుకున్నాడు. అలా కాక ఇంకోలా అనుకుంటే అతను ఎమిల్ ఎందుకవుతాడు?

టక్. టక్. టక్. వేలి కణుపుతో గాజు మీద కొట్టాడు.

గదిలో పాతిక తలలు లేచాయి. బోర్డు మీద సుద్దముక్క ఆగింది. మిసెస్ ట్రౌట్‌మన్ మెల్లగా తలుపు వైపు తిరిగి, గాజుకి అతుక్కున్న కార్డుని పైనుంచి కింద దాకా చదివినట్టు చూసింది. ఆ రాతని కాసేపటి కిందటే చూసి సంతకం పెట్టింది ఆవిడ. ఇందులో ఎవరికీ అనుమానం రాదని తనే అంది.

అక్కడినుంచి ఆవిడ చూపు రెండో వరుసకి వచ్చింది. రోండా చేతిలో పెన్సిల్ గాలిలోనే ఉంది. నాలుగో ప్రశ్న కింద మైనస్ నాలుగు ఉంది, గుర్తు లేదు. సంతకం పెట్టిన కార్డులో చిన్నది అని ఉంది. తలుపుకున్న కార్డులో, ఎర్ర బాణం పక్కన, పెద్దది అని ఉంది. తను సొంతంగా, సున్నా వేసి కనుక్కున్న గుర్తు ఇప్పుడు కాగితం మీద పెడితే అది దొంగసొత్తు. పెట్టకపోతే తప్పు జవాబు.

బల్లల మధ్యనుంచి నడిచి వచ్చి, మిసెస్ ట్రౌట్‌మన్ ఆమె పక్కన ఆగింది.

"మిసెస్ పావ్లిక్," అంది, గొంతు పెంచకుండా. "ఆయన మీకు తెలిసినవారా?"

తలుపు అవతల మసక మచ్చ ఉత్సాహంగా చెయ్యి ఊపుతోంది.